కింది మంచం

రోల్లా సందుల కరెంటు స్తంభానికి నేనే అతికించిన కాగితం:
తెలుగోళ్లకు బెడ్ స్పేస్ కలదు.
పై మంచం మూడొందల యాభై, కింది మంచం నాలుగొందలు.
అంచుకు చీలికలు చీలికలుగ నా నంబరు పదిసార్లు.
ఆ యాభై దిర్హాములు దేనికని ఎవరూ అడగరు.
నిచ్చెన ఎక్కనందుకు.

దుబ్బరాజం ఒక్కడే అడిగిండు.
మల్యాల దిక్కు మనిషి, షట్టరింగు పని.
పలక జారినంక కుడికాలు మోకాలి దాకనే.
కంపెనీ క్యాంపుల పేరు కొట్టేసిండ్రు,
కేసు తేలేదాక దేశం దాటొద్దన్నరు.
ఉండాలె.
ఎక్కడుండాలె అన్నది ఏ కాగితంలనూ లేదు.

"ఒంటికాలోనికి సగం కిరాయి పెట్టవా అన్నా?"
అడిగిందీ వాడే, నవ్విందీ వాడే.
ఎనిమిది మందిమి ఆ రాత్రి చాయ్ మీద చాయ్ తాగి
తలా పాతిక ఎక్కువ వేసుకున్నం.
నా కింది మంచం వానికిచ్చి నేను పైకెక్కిన.
నరసాపురం ఏడుకొండలు ప్లంబరు,
సైటులో మిగిలిన ఇనుప పైపు తెచ్చి
బాత్రూం గోడకు బిగించేశాడు,
"పట్టుకుని లేవండి బావా, ఏనుగైనా ఊడదు" అంటూ.
మెట్లకు మాత్రం ఏం చేయలేకపోయినం.
నలభై నాలుగు మెట్లు.
లిఫ్టు రెండేండ్ల సంది రేపు బాగైతది.
కోర్టు వాయిదా ఉన్నప్పుడే దిగుతడు,
దిగినంక మళ్లెక్కుడు యాదికొచ్చి
కాసేపు కిందనే నిలబడ్తడు.

మంగళవారం పొద్దున బల్దియా మనిషొచ్చిండు.
(మా కరీంనగర్ల బల్దియా, ఇక్కడా బల్దియానే.
మోరీ సాఫు చేయని పేరు
సముద్రం దాటొచ్చిందని నవ్వుకుంటం.)
సూడాన్ పిలగాడు, మెడల కార్డు, చేతుల ఫారం.
తక్కువ జీతపోళ్లకు తక్కువ కిరాయి ఇండ్లట,
ఫ్యాక్టరీల అవతల కడ్తున్నరట.
రూముల ఎందరు పడుకుంటరు?
జీతమెంత?
వికలాంగులు ఎవరన్నా ఉన్నరా?

ఉన్నడంటే తొమ్మిదో మనిషి.
రూముకు జుర్మానా, మా మూటలు రోడ్డు మీద.
లేడంటే
ఆ కట్టే ఇండ్లల్లనూ లేడు.
బాత్రూంల పైపు పట్టుకొని
దుబ్బరాజం ఊపిరి బిగబట్టిండు.
నా నోట ఎనిమిది అన్న మాటే వచ్చింది.

పిలగాడు రాయలే.
చెప్పుల స్టాండు దిక్కు చూస్తుండు.
ఒక్క జత బూట్లు.
ఎడమది మడమ అరిగి, నోరు తెరిచి.
కుడిది అంగట్ల నుంచి ఇప్పుడే తెచ్చినట్టు.

"లోపల నిలబడ్డన్నను కూసోమను" అన్నడు హిందీల,
"నేను పడుకునేటోళ్లనే లెక్కవెడ్తున్న."
ఎనిమిదే రాసిండు.
కింది గడిల ఒకటి రాసిండు.
ఆ రెండూ ఎట్ల కూడుతయో
వాడు చెప్పలే, మేం అడగలే.

టోకెన్ వచ్చింది. ఆరొందల పన్నెండు.
అంటే ముందు ఆరొందల పదకొండు బూట్లున్నయన్నట్టు.
శుక్రవారం ఏడుకొండలు వ్యాను అడుక్కొచ్చి
వాన్ని ఆ ఇండ్ల కాడికి తీస్కపోయిండు.
ఇంకా సున్నం వేయలేదట.
గడప లేదట, వాలుబాట ఉందట.
చంకకర్రను అడ్డంగ పట్టి
తలుపు వెడల్పు కొలిచిండట,
రెండుసార్లు.

రాత్రి పైనుంచి అడిగిన:
కింది మంచం కిరాయెంతట రా?
చాలాసేపు పలకలే, నిద్రపోయిండనుకున్న.
"అడిగిన. వాళ్లకు సమజు కాలే.
అక్కడ పై మంచమే లేదన్నా."

స్లాబు నా ముక్కుకు జానెడు దూరం.
నాకంటే ముందు పడుకున్నోడెవడో
దాని మీద పెన్సిలుతోటి గీతలు గీసుకుండు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నూట తొంభై దాక లెక్కవెట్టి
లైటు తీసేసిన.