ఎడమదా, కుడిదా

జూన్ రాత్రి. గేటు బయట
చిత్తూరు బైపాసు దాకా తోతాపురి ట్రాక్టర్లు.
కాటా ఆగకూడదు. ఆగితే
గుజ్జు ఆగుతుంది, బాయిలరు ఆగుతుంది,
చెంగల్రాయుడి విజిల్ ఒక్కటే ఆగదు.

లోపల ఏసీ గదిలో నేనూ,
ఒక పాత యూనిక్స్ సర్వరూ.
దాని కడుపులో డిస్కులు రెండు.
ఒకటి రాసిందే ఇంకొకటీ రాస్తుంది:
తూకం, బండి నంబరు, ఇంటిపేరుతో సహా రైతు పేరు.
మూడు రోజులుగా ఒకటి
చదివిన చోటే మళ్ళీ మళ్ళీ చదువుతోంది,
నిద్రలో పళ్ళు కొరుకుతున్న చప్పుడుతో.

జత విడదీయమని టైపు చేశాను.
విడిపోయింది, మారుమాట లేకుండా.
ఇక పీకాలి.
ఏది?
లేబుళ్ళు ఏ వేసవిలోనో జిగురు వదిలి రాలిపోయాయి.
ముందు నిలబడితే ఎడమ, వెనక నిలబడితే కుడి.
చచ్చేదాన్ని వదిలి బతికున్నదాన్ని లాగితే
బయట అన్ని ట్రాక్టర్లు.
చున్నీకి చెయ్యి తుడుచుకున్నాను.
నీలం దీపం వెలిగించమంటే వెలిగించింది.
లాగి, తిరగేసి, సీరియల్ నంబరు మీద వేలు పెట్టి
కండక్టరు మా నాయన రాత్రిపూట
టికెట్ కట్టలు సరిచూసుకున్నట్టు
చివరి అంకె దాకా చదివాకే ఊపిరి పీల్చాను.
వెచ్చగా ఉంది చేతిలో,
గడ్డిలో మాగేసిన కాయలా.

కొత్తదానికి ఏమీ తెలియదు.
పక్కదాని గట్లు చూపించి గట్లు వేయించాను.
నింపుకోవడం మొదలుపెట్టింది.
రెండు శాతం. టీ. తొమ్మిది.
చెంగల్రాయుడు తలుపు సందులోంచి:
"అయిందామ్మా?"
"పదకొండు."
"గంటలా?"

పోయినేడు గుర్తొచ్చింది.
పాలసముద్రం గుర్రప్ప లోడు, ఆరు టన్నుల నాలుగొందల కిలోలు,
నేనే పొరపాటున చెరిపేశాను.
రెండు డిస్కులూ ఒకే క్షణంలో మరిచిపోయాయి,
రాసినంత నమ్మకంగానే.
జతగా ఉంటే చాలనుకున్నాను అప్పటిదాకా.
తూకం చివరికి దొరికింది గుర్రప్ప పంచె మడతలో,
చెమటకు రంగు వదిలిన గులాబీ చీటీ.
ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు.
చీటీ మాత్రం తిరిగి అడిగి తీసుకున్నాడు.

నూరు.
ఇప్పుడు దీనికి అన్నీ తెలుసు
నిద్ర లేవడం తప్ప.
ఆ నాలుగు ముక్కలూ మొదటి గడిలో విడిగా రాయించాలి.
మరిచిపోతే ఎవరికీ తెలియదు,
పక్కది పోయిన రోజు దాకా.

రాయించాను.
బయట తెల్లారి, ఇంకో ట్రాక్టరు కాటా ఎక్కుతోంది.
తెల్లకాగితం చింపి కొత్త లేబులు అంటించాను:
కుడి.
కాస్త ఆలోచించి, కింద చిన్న అక్షరాలతో,
ముందునుంచి చూస్తే.