తొంభై రోజుల మాట

పుంతా అరేనాస్‌లో మే నెల పొద్దు తొమ్మిదికి గానీ లేవదు.
నేను ఏడింటికే వచ్చి
పడవ టికెట్ల గది తెరుస్తాను.
తలుపు తేలిక. భుజంతో ఒక్క తోపు,
మిగతాది గాలి చూసుకుంటుంది.
కంప్యూటరు అలా కాదు.
పెద్దక్షరం కావాలంటుంది, అంకె కావాలంటుంది,
ఏ మాటకీ అంటని గుర్తు ఒకటి కావాలంటుంది,
అన్నీ ఇచ్చాక "బలహీనం" అని ఎర్రగా రాస్తుంది.

తొంభై రోజులకోసారి కొత్తది.
పాతది మళ్ళీ పెడితే పట్టేస్తుంది.
నేను మర్చిపోయినవన్నీ దానికి గుర్తే.

పదకొండేళ్ళలో నలభై నాలుగు మాటలు.
మునిగిన పడవల పేర్లు అయిపోయాయి,
కుక్కల పేర్లు, మేనల్లుళ్ళ పుట్టినరోజులు,
ఒక చలికాలమంతా ఉల్లిపాయల ధర.
మా మేనేజరు బల్తసార్ తనవి కేలండరు వెనక రాసుకుంటాడు,
తలుపు తీసినప్పుడల్లా అది గాలికి తిరగబడుతుంది.
నేను కాగితం మీద పెట్టలేదు.
తలలోనూ దాచలేదు, నిజం చెప్పాలంటే.
వేళ్ళలో ఉంచాను.
మాట ఏదో నాకు కావాలంటే
బల్ల మీద వేళ్ళాడించి చూసుకోవాలి.

సోమవారం రాత్రి పీత డబ్బా మూత
కుడి చూపుడువేలిని ఎముక దాకా కోసింది.
నాలుగు కుట్లు, వేలికంటే లావు కట్టు.
మంగళవారం కూర్చుంటే
మిగిలిన తొమ్మిదింటికీ ఏమీ తెలియదు.
ఒకటి తప్పు. రెండు తప్పు.
మూడోసారి తాళం పడింది.

కిటికీ అవతల వరస:
కంచెలు వేసే కూలీలు ముగ్గురు,
కేకు పెట్టెను కోటులో దాచుకున్న ముసలమ్మ,
చేతులు లేని స్వెటరు వేసుకుని ఎందుకొచ్చాడో తెలియని ఓ మనిషి.

సాంతియాగో నుంచి ఫోన్లో, గొంతు ఇంకా ముదరని కుర్రాడు,
"మీ మొదటి పెంపుడు జంతువు పేరు?" అన్నాడు.
"పికోరో."
"కాదండీ."
నా కుక్క పేరు అది కాదని నాకే చెప్పాడు.
అప్పుడు తట్టింది, ఆ రోజు అబద్ధం రాశానని,
నిజమైతే ఎవరైనా ఊహిస్తారని.
అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు.
గుర్తున్నట్టు కూడా ఉండాలని ఎవరూ చెప్పలేదు.

కార్బన్ పుస్తకం తీసి
ఎడమ చేత్తో, కోడి గీకినట్టు, టికెట్లు రాశాను.
పడవ నలభై నిమిషాలు ఆలస్యం.
సముద్రం ఏమీ అనలేదు. ముసలమ్మ అంది.
మధ్యాహ్నానికి కుర్రాడు కొత్తది ఇప్పించాడు.

పదకొండో రోజు కుట్లు విప్పారు.
ఆ సాయంత్రం ఊరికే బల్ల మీద వేళ్ళాడిస్తుంటే
చూపుడువేలు తనంతట తానే వెళ్ళి
పాత మాట మొత్తం కొట్టింది:

కుట్టుమిషనునీదే1974!

అది మా అమ్మ మిషను.
అక్క నేలిదా అడిగింది. నేను ఇవ్వనన్నాను.
అక్కడున్న గిన్నె ఒకటి పగిలింది, ఎవరి చేతిదో ఇప్పటికీ తేలలేదు.
అప్పట్నుంచి అక్క జలసంధికి ఆ ఒడ్డున, పోర్వెనీర్‌లో,
రెండు గంటల దూరంలో, ఆరేళ్ళు.
టికెట్లమ్మేదాన్ని నేను, ఒక్కటీ కొనుక్కోలేదు.
రోజూ పొద్దున, ఇంకా చీకటి ఉండగానే,
నోటితో అనలేనిది వేళ్ళతో అన్నాను,
తెర మీద అది చుక్కలు చుక్కలైపోయేది.
చివర ఆ ఆశ్చర్యార్థకం నాది కాదు, వాళ్ళ నిబంధన.

ఇప్పుడది చెల్లదు.
చెల్లని మాటకి కాపలా ఎందుకు?
టికెట్ పుస్తకంలో ఒక పేజీ మీద రాశాను.
అంకె తీసేశాను. గుర్తు ఉంచాను, ఎందుకో.
లంగరు తాళ్ళు చూసే లిబోరియో
చదవనని ఒట్టేసి, నా ముందే చదివి,
మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

కార్బన్ నకలు నా దగ్గరే ఉంది,
నీలంగా, ఒక అక్షరం మీదికి ఇంకోటి జరిగి.
కొత్త మాట గడువు
ఇంకా డెబ్భై తొమ్మిది రోజులు.