తరుగు

ఎనుమాముల యార్డుల కాంటా కాడ
ఇరవై రెండేండ్ల సంది నిలవడ్డోణ్ణి.
పొద్దుగాల తూచిన మిర్చి బస్తా
మాపటీలి మల్ల తూస్తే
అరకిలో తక్కువొస్తది.
రైతు నా మొకం చూస్తడు,
నేను బస్తా మొకం చూస్త.
ఎవ్వడు దొంగతనం చెయ్యలే.
ఎండ తిన్నది, గాలి తిన్నది.
మేం దాన్ని తరుగు అంటం.

డాక్టరమ్మ కాయితం మీద
మూడు వందల పన్నెండు అని రాసి
కింద రెండు గీతలు కొట్టింది.
తెల్లారి నుంచే వడ్డేపల్లి కట్ట మీద
నేను, ఓదేలు.
కొత్త బూట్లు కరిచినయి,
కరిచినా మంచిగనే అనిపించింది.
చాయల చక్కెర బందు,
రాత్రికి రెండు జొన్నరొట్టెలు,
గోడమీది క్యాలెండర్ల
తారీఖు తారీఖుకు ఎర్ర పెన్ను టిక్కు.
నలభై ఒక్క టిక్కులు.

నలభై రెండో నాడు ఏమైందని అడుగుతరు.
ఏం కాలే.
అదే చెప్పరాక సస్తున్న.
వాన పడలే, జరం రాలే,
ఇంటికి సుట్టాలు గూడ రాలే.
దుప్పటి జరంత ఎక్కువ వెచ్చగున్నది, గంతే.
రేపు రెండు సుట్లు ఎక్కువ తిరుగుదామనుకున్న.
ఆ రేపటికి బస్తాలు గేటు దాటి
రోడ్డు దాంక వచ్చినయి.

మిర్చి బజ్జిది నగదు బేరం,
నోట్లె పెట్టంగనే లెక్క తీరుస్తది.
నడకది ఉద్దెర.
ఏ పంటకు ఇస్తదో,
అసలు ఇస్తదో ఇయ్యదో,
చీటీ గూడ రాసియ్యది.

అదే క్యాలెండర్ల, నా టిక్కుల కింద
సారక్క పాల లెక్క.
లీటరున్నర, లీటరున్నర, లీటరు.
వాళ్ళమ్మ పోయిన్నాడు గూడ
"పాలు వద్దన్న" అని రాసున్నది.
పదహారేండ్ల క్యాలెండర్లు సజ్జ మీదున్నయి,
ఒక్క గడి ఖాళీ లేదు.
గింత అలవాటు ఎట్ల చేసుకున్నవే అంటే
నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది.
"అలవాటేంది?
పాలోడు గంట కొడుతడు,
గిన్నె వట్టుకపోత."

నాకు గంట కొట్టేటోడు లేడు
అనుకున్న.

అబద్దం.
ఉండె. ఓదేలు.
గల్మ ముందట సైకిల్ ఆపి
బెల్లు ఒక్కపారే కొట్టేది.
నలభై రెండో నాడు గూడ కొట్టిండు.
ఇన్న.
ముసుగు మీదికి గుంజుకున్న.
ఇంకో మూడు దినాలు కొట్టిండు,
నాలుగో నాడు వాడు గూడ ఆగిపోయిండు.
ఇప్పుడు వాడు కట్ట మీద కనవడుతలేడట.
నా బస్తాల తరుగు తెలుసు,
వాని బస్తాల తరుగు ఏ ఖాతాల రాయాలె?

ఇయ్యాల అమాస, యార్డు బందు.
మంచం కింది బూట్లు దులిపితే
మిర్చి దుమ్ము లేసి తుమ్ములే తుమ్ములు.
సారక్క నిద్రల తిట్టింది.
నలభై మూడని రాయాలెనా, ఒకటని రాయాలెనా,
పెన్ను వట్టుకొని నిలవడ్డ,
రాయకుంటనే వచ్చిన.

ఓదేలు ఇల్లు. ఇంకా చీకటి.
నా కాడ బెల్లు లేదు.
దగ్గిన.
లోపట మంచం కిర్రుమన్నది,
మల్ల సప్పుడు లేదు.

వాడు ఇన్నడు. నాకెరుకే.

మల్ల దగ్గిన.