నాలుగో గంట

మంగళవారం రాత్రి ఏడున్నరకి
ఆష్‌థోర్ప్ చర్చి గంటల గదిలో
ఆరు తాళ్ళ ముందు ఆరుగురం నిలబడతాం.
యాభై మూడు మెట్లు, ఒక్క బల్బు,
చెక్కపలక మీద పోయినవాళ్ళ పేర్లు,
హీటరుంది, వేడి లేదు.

ఇక్కడ నన్ను పేరుతో పిలవరు.
"నాలుగూ, ఆలస్యం చేస్తున్నావ్" అంటుంది ఎల్స్‌పెత్.
నా పేరు నోరు తిరక్క కాదు,
ఈ గదిలో డెన్నిస్ కూడా ఉత్త రెండే.

మొదటిరోజే చెప్పిందామె,
లాగడం ఎవరికైనా వస్తుంది, కష్టమంతా వదలడమేనని.
ఉన్ని చుట్టిన చోట పట్టి లాగి
ఆ క్షణానే వదిలెయ్యాలి.
వదలనివాళ్ళని తాడు
కప్పుదాకా ఎత్తుకుపోతుంది.
నాకొక చలికాలం పట్టింది.
పొక్కిన అరచేతులతో మందులషాపులో మాత్రలు లెక్కపెడుతుంటే
ఏం చేసుకున్నావని అడిగిన ముసలాయనే
వసంతంలో వచ్చి,
"ఆదివారం నాలుగోది తడబడింది. నువ్వేనా?" అన్నాడు.
బిళ్ళల సీసా అందిస్తూ
ఎందుకో చాలా సంతోషపడ్డాను.

పోయినేడు లింకన్‌లో ప్రమాణం చేశాను.
ఇరవైనాలుగు ప్రశ్నలకి ఇరవైనాలుగూ కొట్టి,
ఎనిమిదో హెన్రీ ఆరుగురు పెళ్ళాలనీ
వరసలో కంఠతా పట్టి.
బ్రిటిష్ అని కాగితమిచ్చారు, టీ ఇచ్చారు.
ఇంగ్లిష్ అని మాత్రం ఏ కౌంటర్లోనూ ఇవ్వరు.
దానికి ఫారం లేదు, ఫీజు లేదు,
తిరస్కరిస్తే అప్పీలు లేదు.

ఆ వారమే, ప్రాక్టీసయ్యాక పబ్బులో
అడిగేశాను.
నేనెప్పటికైనా ఇంగ్లిష్ అవుతానా?
డెన్నిస్ తన గ్లాసులో నురగ చూసుకున్నాడు.
కుర్రాడు టోబీ "నువ్వు ఇప్పటికే..." అని ఆగిపోయాడు,
వాడి చెవులెర్రబడ్డాయి.
ఎల్స్‌పెత్ చిప్స్ మీద వెనిగర్ చల్లుతూ అంది:
"డార్బీ నుంచి వచ్చి నలభై ఆరేళ్ళు నాకు.
మా ఆయన్ని ఈ మట్టిలోనే పూడ్చాను.
ఇంకా డార్బీ ఆవిడ అనే అంటారు.
క్యూలో నా వెనక నిలబడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
డార్బీ ఆవిణ్ణి బస్టాపులో ఎవరూ
"అది సరే, అసలు మీది ఎక్కడ" అనరు.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
చిప్స్‌తో పాటు మింగేశాను.

ఇంటికి నడుస్తుంటే మా క్యాంపు గుర్తొచ్చింది.
బోధన్ దగ్గర, కాలవ కింద.
గుంటూరు నుంచి మా ముత్తాత
విత్తనాల మూటతో వచ్చి దిగిన చోటు.
మూడు తరాలు ఆ నీళ్ళు తాగాం,
ఆ మట్టిలో బూడిదయ్యాం,
అయినా గుంటూరోళ్ళమే.
పెళ్ళికని గుంటూరెళ్తే
"నైజామోళ్ళొచ్చారు, విస్తళ్ళెయ్యండి" అనేవాళ్ళు.
నా యాసకి రెండు చోట్లా నవ్వులే.
మేమేం తక్కువ తిన్నామా,
మా చేలో నాట్లేసే లచ్చవ్వని
తన ఊళ్ళోనే తనని
"లోకలోళ్ళు" అనేవాళ్ళం, అదో తిట్టులా.
మీరు లచ్చవ్వలా ఎప్పుడవుతారని
మమ్మల్నెవరూ అడగలేదు.
మేమూ అడుక్కోలేదు.
ఇక్కడికొచ్చి అడుగుతున్నాను,
అదీ బీరు గ్లాసు ముందు.

ఆదివారం పొద్దున మొదటి తాడు టోబీది.
మొదలెట్టే ముందు వాడు కేకేస్తాడు:
"చూసుకోండి... వెళ్తోంది... వెళ్ళిపోయింది!"
వీళ్ళ గంటలన్నీ ఆడవాళ్ళు.
ఆమె వెళ్ళిపోయింది, అని దాని అర్థం.
మూడేళ్ళయినా ఆ మాటకి ఉలిక్కిపడతాను.
మా భాషలో గడప దాటేవాళ్ళెవరూ
వెళ్తానని అనరు,
వెళ్ళొస్తానంటారు,
రానని తెలిసినా.

ఒకటి, రెండు, మూడు.
ఇక నాది.
లాగి, వదులుతాను.

సన్నటి కిటికీలోంచి కింద రోడ్డు.
కుక్కని నడిపిస్తూ ఎవరో ఒకాయన,
తల కూడా ఎత్తడు.
తప్పు మోగితేనే ఎత్తుతారు.