పొగ బండి బొమ్మ

డబ్బాలో నూనె పైకి తేలి ఉంటుంది,
పసుపు అడుగున పడుకుంటుంది.
పుల్ల పెట్టి దాన్ని లేపేసరికే
ఎండ నెత్తికెక్కుతుంది.

గుణుపురం నుంచి కాశీనగరం పోయే దారిలో
పట్టాలు రోడ్డును అడ్డంగా కోసే చోట
గేటు లేదు, గేటు కాసే మనిషి లేడు.
ఇనప స్తంభానికి ఒక రేకు,
నిచ్చెనేసుకుని రేకు ముందు నేను.

కాంట్రాక్టు కాయితంలో మూడు భాషలు.
ఒడియా అక్షరం గొడుగేసుకు నిలబడుతుంది.
హిందీది దండెం మీద ఆరేసిన బట్ట.
ఇంగ్లీషువి ఎవరికి వారే,
చుట్టరికం లేని మనుషులు.
తెలుగు ఆ కాయితంలో లేదు.
అయినా బుధవారం సంతకి
కొత్తూరు లారీలు, పాతపట్నం ఆటోలు ఇటే వస్తాయని
అడుగున జానెడు జాగా మిగుల్చుకుని
‘ఆగు. చూడు. విను. అప్పుడు పో’ అని రాస్తాను.
ఆ జానెడుకి కూలి రాదు.
తలకట్లు మాత్రం ఒక్కటీ తప్పనివ్వను.

పట్టాల వారన ఇంకో బోర్డుంది, అది డ్రైవరు కోసం.
‘సీ/ఫా’ అని రెండే అక్షరాలు.
ఇక్కడ కూత వెయ్యి అని దానర్థం.
మా చిన్నోడు చాన్నాళ్లు
అదెవరో ఆడపిల్ల పేరనుకున్నాడు.

చదువు రానివాళ్లకి బొమ్మ.
మూడు మూలల ఎర్ర గీత నడుమ ఇంజను.
స్టెన్సిలు మా మావ హయాం నాటిది:
ఒక గొట్టం,
గొట్టం మీద మూడు ఉండల పొగ.
చిన్నబండి రోజుల్లో అది నిజమే.
బండి కంటే పొగ ముందొచ్చేది,
కొండవార పొగ చూసి
గంజి వార్చుకుని బయల్దేరినా అందేది.

పెద్ద లైను పడింది. పొగ పోయింది.
స్టెన్సిలు పోలేదు.

ఆ బుధవారం
అనాసకాయల కావిడితో సింగ్రా సవర వచ్చాడు.
బోర్డు దగ్గర ఆగాడు.
ఆగాడు, అది నిచ్చెన మీంచి నేను కళ్లారా చూశాను.
బొమ్మను చూశాడు.
కొండవైపు చూశాడు.
ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.
అడుగేశాడు.

నేను అరిచానో లేదో నాకు తెలీదు.
కావిడిలో వెనక బుట్టని రైలు పట్టుకుపోయింది.
ముందు బుట్ట నేలకి కూలబడింది.
బద్ద భుజం మీదే ఉంది.
పట్టాల పొడుగునా అనాస వాసన.

దిగి చెయ్యి పట్టుకుంటే
నన్ను కాదు, రేకును చూసి అడిగాడు,
సగం సవర, సగం తెలుగు:
“పొగేదీ?”

మర్నాడు నా జానెడు తెలుగు చెరిపేసి
అక్కడో చెవి గీశాను.
సింగ్రాదే, పోగుతో సహా.

ఇంజనీరు బిశోయిబాబు
ట్రాలీ దిగకుండానే చూశాడు.
“పుస్తకంలో చెవి లేదు. పొగ ఉంది.”
కోప్పడలేదు.
ఫ్లాస్కులోంచి నాకు కూడా టీ పోశాడు.
తాగి, చెవి మీద పసుపు వేశాను,
రెండు పూతలు.

ఎనామిల్ మందంగా పడితే ఇక అణగదు.
పొద్దు వాలి ఎండ ఏటవాలుగా తగిలితే
పసుపు కింద అంచు లేస్తుంది,
ముందు చెవి, తర్వాత పోగు.

సింగ్రా కొత్త బుట్ట అల్లుకున్నాడు.
బోర్డు దగ్గర కావిడి దించి,
మునివేళ్ల మీద లేచి
ఆ అంచు వెంట వేలు పోనిస్తాడు,
పలకమీద దిద్దుకునే పిల్లాడిలా.
తర్వాత తల ఓ పక్కకి వంచి నిలబడతాడు.

అవతల సీ/ఫా దగ్గర
డ్రైవరు కూత వేస్తే వేస్తాడు.

వెయ్యని రోజు ఏం చెయ్యాలో
ఏ భాషలో రాయాలన్నది
నాకింకా కుదరలేదు.