ఒకటికి ఐదొందలు

మైదానం మొత్తం అన్నం పళ్ళెంలో పట్టేస్తుంది.
ఒకటికి ఐదొందల కొలత.
మనిషంటే బియ్యపు గింజలో సగం.

పుదుప్పేటలో స్టేడియం కట్టాలని
కార్పొరేషన్ వాళ్ళ ఆలోచన.
పెద్ద ఆటలకు కాదు, వాటికి చెపాక్ ఉంది.
ఇది చిన్న లీగుకి:
టీవీలో పేరు పడని కుర్రాళ్ళకి,
మోకాలు అరిగి పైనుంచి దిగొచ్చినవాళ్ళకి,
ఇంకో ఏడాది చూద్దాంలే అనిపించుకున్నవాళ్ళకి.
అది విని, నిజం చెప్పొద్దూ,
నాకు ముచ్చటేసింది.

నాది నమూనాలు చేసే పని.
నెల్లూరు నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళు
చూళైలో మేడమీద గదిలో
ఈ ఊరిని అట్టలతో కడుతున్నాను.
సగం కట్టలేదు వాళ్ళు. నేను కట్టాను.

గుండుసూదులు ఫ్లడ్‌లైట్లయ్యాయి.
గిన్నెలు తోమే స్పాంజి, పచ్చరంగులో ముంచితే
వేపచెట్లు.
కూవానికి నీలం వెయ్యమంది ఆర్కిటెక్టమ్మ.
ఏ నీలం మేడం అన్నాను.
ఆకాశం నీలం, అంది ఫోన్లోంచి తలెత్తకుండా.
మూడు పూతలు వేశాను.
వేస్తున్నంతసేపూ ఎందుకో ముక్కు మూసుకున్నాను.

మనుషులు పాకెట్లలో వస్తారు, వెయ్యికింత అని.
నిలబడ్డవాళ్ళు చవక, కూర్చున్నవాళ్ళు ఖరీదు.
నిలబడ్డవాళ్ళనే తెచ్చి
మోకాళ్ళ దగ్గర కత్తిరించి
ఎనిమిది వేలమందిని కూర్చోబెట్టాను.
రాత్రుళ్ళు బ్లేడు చప్పుడుకి
మా ఆవిడ సుగుణ అటు తిరిగి పడుకునేది.

మిడ్ వికెట్ ఉన్నచోట దస్తగిరి కొట్టు.
పాత కార్లు విప్పుతాడు. ఉదయగిరి వాడు.
తలుపు మీద వేలితో తట్టి
బండి ఏ సంవత్సరానిదో చెబుతాడు,
ఎన్నిసార్లు గుద్దుకుందో కూడా.
సర్వే కాగితంలో ఆ వీధికి పేరు లేదు,
గీతల గళ్ళు వేసి వదిలేశారు.
నేను దాని మీద పచ్చపొడి చల్లి ఊదాను.
ఒక్క ఊపిరి పట్టింది, అంతే.

రిప్పన్ బిల్డింగులో గాజుపెట్టెలో పెట్టినరోజు
దస్తగిరి వచ్చాడు, ఉతికిన లుంగీలో.
గాజుకి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.
పక్కన చీటీ చదివించుకున్నాడు.
"ఒకటికి ఐదొందలంటే
నష్టపరిహారమా అబ్బయ్యా?"
కొలత అని చెప్పాను.
"అట్లనా" అన్నాడు.
కొట్టు గురించి అడుగుతాడనుకున్నా.
అడగలేదు.
చిన్నపిల్లకాయలకి టికెట్టు ఉంటదా, అన్నాడు.

ఆ తర్వాత ఏమైందో నాకు సరిగ్గా తెలీదు.
డబ్బు చాల్లేదన్నారు, కాదు పార్కింగు చాల్లేదన్నారు.
నమూనా ఆటోలో తిరిగొచ్చింది.
ఎనిమిది వేలు కాదు, ఐదు చాలు,
తూర్పు గ్యాలరీ కొట్టేసి కార్లు పెట్టు.
చిమటాతో ఒక్కొక్కర్నీ పీకాను.
కొందరు సీటుతో సహా వచ్చేశారు.
మూడువేలమంది
పాత కాఫీపొడి డబ్బాలో సరిపోయారు.
వాళ్ళ మోకాళ్ళు వేరే ఎక్కడో ఉన్నాయి,
ఊడ్చేసి ఉంటుంది సుగుణ.

కార్లు మాత్రం బాగా వచ్చాయి. చిన్నవి, మెరిసేవి,
విప్పడానికి ఒక్క మరైనా లేనివి.

మొన్న ఆదివారం దస్తగిరి మెట్లెక్కి వచ్చాడు.
నోటీసు ఇచ్చారా అంటే
ఇచ్చారు, ఇంకా ఇస్తారు, అన్నాడు.
టీ తాగుతూ బల్లమీద డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.
ఏముందిందులో?
మనుషులు, అన్నాను.
నవ్వలేదు.
చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు,
మూతమీద రెండుసార్లు వేలితో తట్టాడు,
తల పక్కకి వంచి విన్నాడు.

"ఇంకా చోటుందే" అన్నాడు.