రాని పొగకు లెక్క

గవర్నర్‌పేటలో మూడో అంతస్తు,
మెట్ల కింద జిరాక్సు షాపు.
అక్కడ నా ఉద్యోగం
జరగని వాటిని లెక్కపెట్టడం.

అనంతపురం అవతల ఏదో గుట్ట మీద
ముప్పై రెండు గాలిమరలు తిరుగుతాయి.
అవి తిరిగినందుకు ఎక్కడో ఇంత బొగ్గు కాలలేదు.
కాలని బొగ్గులోంచి రాని పొగ
ఇన్ని టన్నులని నేను టైపు చేస్తాను.
నాకు నోరు తిరగని ఊళ్ళో ఎవరో
దాన్ని కొనుక్కుని
నిశ్చింతగా విమానం ఎక్కుతారు.

చేరిన కొత్తలో సారుని అడిగాను,
రానిదాన్ని ఎట్లా తూస్తారండీ అని.
"ఏకాదశినాడు మీ అమ్మ తినని అన్నం
చిత్రగుప్తుడు రాసుకోవట్లా?" అని నవ్వాడు.
అమ్మ పస్తుంటే పుణ్యం అమ్మదే,
ఎదురింట్లో విందు చేసుకునేవాళ్ళకి
ఏనాడూ అమ్మలేదు కదా అని
బస్సులో తోచింది.
మంచి జవాబులన్నీ నాకు బస్సులోనే వస్తాయి.

ఇబ్రహీంపట్నంలో దిగేసరికి
పొగగొట్టాల నెత్తిన ఎర్రదీపాలు.
మా వీధిలో ముందు తాడు తుడిచి బట్టలు ఆరేస్తాం,
దులిపి మడతపెడతాం.
నాంచారమ్మ పిన్ని వడియాల మీద
పాత వాయిల్ చీర కప్పుతుంది.
అయినా పంటికింద సన్నగా ఇసకలాగా.
వచ్చిన బూడిదకి ఏ షీటూ లేదు,
చేటలోకెత్తి పారబోస్తాం.

తిట్టడానికీ నాకు నోరు రాదు.
ఇరవై ఆరేళ్ళు మా నాన్న
ఆ బూడిద పైపుల మీదే కాంట్రాక్టు పని చేశాడు.
నా బీకాం ఆ బూడిదే.

మొన్న ఏప్రిల్లో ఒక రాత్రి
రింగు సెంటర్లో రెక్క ఆగిపోయింది.
ఒకే ఒక్క రెక్క.
లారీ తల ఒక రోడ్లో, తోక ఇంకో రోడ్లో.
ఇంత చేపని కృష్ణ ఎన్నడూ కనలేదు.
మలుపు తిరగదు, పైన తీగలు అడ్డం.
లైన్‌మన్ సుభానీ వెదురుగడతో వచ్చి
పైకి చూసి, చెవి గోక్కుని,
ఫీడరు ఆపించాడు.

గాలి కరెంటు ముందుకు పోవాలని
మా కరెంటు తీసేశారు.
గంటన్నర.

ఫ్యాన్లు ఆగి జనం బయటికొచ్చారు.
పిల్లలు రెక్క పొడుగు అడుగులేసి కొలిచారు.
తొంభై ఒకటన్నాడొకడు,
కాదు నూట నాలుగన్నాడు ఇంకొకడు,
మళ్ళీ మొదట్నించీ.
మా ఆఫీసులో ఆడిట్ కూడా దాదాపు ఇంతే.

డ్రైవరు భన్వర్‌లాల్‌ది జోధ్‌పూర్ దగ్గర పల్లె.
పిన్ని బిందెడు నీళ్ళిచ్చింది,
పేపర్లో వేయించిన వడియాలు.
"కొంచెం కరకరమంటది, ఏమనుకోమాక."
ఆయనకి తెలుగు రాదు.
నమిలి, ఒక్క క్షణం ఆగి,
మళ్ళీ చెయ్యి చాపాడు.

"ఇది అక్కడ తిరిగితే
మన గొట్టం ఆగిద్దా అమ్మాయ్?"
"లెక్కలో ఆగుద్ది పిన్నీ."
"లెక్కలోనా," అంటూ
ఆమె రెక్కకి చెయ్యి ఆనించింది,
ఈనిన గేదె డొక్క తడిమినట్టు.
తీసేసరికి
తెల్లటి పెయింటు మీద ఐదు వేళ్ళూ అరచెయ్యీ
బూడిదరంగులో దిగబడ్డాయి.
కంగారుగా కొంగుతో తుడిచింది.
ఇంకాస్త అలుక్కుంది.

రెండు దాటాక లారీ కదిలింది.
కరెంటు వచ్చింది.
వీధి మొత్తం ఒక్కసారి "హే" అని అరిచింది,
ఎవరు ఇచ్చిన కరెంటో ఎవరికి కావాలి.

ఈ నెల షీటులో ముప్పై మూడో మర చేరింది.
ఆ రెక్క దీనిదేనో కాదో నాకు తెలీదు.
చివర్లో రిమార్కులని ఒక గడి ఉంటుంది,
ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తాం.
నిన్న అందులో
"ఒక రెక్క మీద చెయ్యి ఉంది" అని కొట్టాను.
సారు చూసి, ఇదేంటమ్మా, తీసెయ్ అన్నాడు.
తీసేశాను.

అక్కడ వానలు తక్కువంటారు.